లాభనష్టాల పట్టికను చదవడం ఎలా? తొలిసారి మదుపు చేసేవారికి ఒక పాఠం

కామాఠీపురా అన్న పేరులోనే ముంబయి నగర నిర్మాణానికి తరలివచ్చిన తెలుగు శ్రామికుల జ్ఞాపకం నిలిచి ఉంది. వరలీ, ప్రభాదేవి ప్రాంతాల మిల్లుల్లో మగ్గాలు నడిపిన పద్మశాలీ కుటుంబాలు, కట్టడాల పనికి వచ్చిన పాలమూరు కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో స్థిరపడ్డాయి. ఆ తరాలవారి పొదుపు మార్గాలు మనకు తెలిసినవే: చీటీ, పోస్టాఫీసు ఖాతా, బంగారం, స్వగ్రామంలో కొద్దిపాటి జాగా. నేటి తరానికి వీటికి తోడు షేర్ల మార్కెట్టు కూడా అందుబాటులోకి వచ్చింది. 1875లో దలాల్ వీధిలో దళారుల సంఘంగా ఆరంభమైన వ్యాపారం ఇప్పుడు చేతిలోని ఫోనులో నడుస్తోంది.

పోస్టాఫీసులో దాచిన సొమ్ముకు ప్రభుత్వం పూచీ ఉంటుంది. షేరు కొన్న సొమ్ముకు ఎవరి పూచీ ఉండదు. షేరు కొన్నవారు ఆ కంపెనీకి అప్పు ఇచ్చినవారు కారు, దానిలో వాటాదారులు అవుతారు. లాభం వస్తే అందులో పాలు ఉంటుంది, నష్టం వస్తే అందులోనూ పాలు ఉంటుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఊరికి పంపే డబ్బు పోగా మిగిలిన పొదుపును అటువంటి చోట పెట్టేవారు, ఆ కంపెనీ నిజంగా సంపాదిస్తున్నదా లేదా అన్నది తామే చూసుకోగలగాలి. అందుకు మొదట చదవవలసిన పత్రం లాభనష్టాల పట్టిక. ఆదాయ నివేదిక అన్నా ఇదే. మన దేశపు కంపెనీల పత్రాల్లో ఇది 'స్టేట్‌మెంట్ ఆఫ్ ప్రాఫిట్ అండ్ లాస్' అన్న పేరుతో కనిపిస్తుంది.

ముందుగా ఒక మెస్ లెక్క

కంపెనీ పట్టికలోకి వెళ్లేముందు మనకు పరిచయమున్న ఒక వ్యాపారం లెక్క చూద్దాం. ఒక ఆంధ్ర మెస్ నెలకు 3,00,000 రూపాయల భోజనాలు అమ్మిందనుకుందాం. అందులో 20,000 రూపాయలు నెలవారీ ఖాతాదారుల అరువు, ఇంకా చేతికి రాలేదు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసుకు 1,50,000 అయింది. వంటవారి, వడ్డించేవారి జీతాలు 60,000. గది అద్దె, కరెంటు 45,000. అప్పు మీద వడ్డీ 8,000.

ఇంకొక ఖర్చు మిగిలింది. గ్రైండరు, పొయ్యిలు, ఫ్రిజ్ కలిపి 1,20,000 రూపాయలకు కొన్నారు. అవి ఐదేళ్లు, అంటే అరవై నెలలు పనిచేస్తాయి. ఆ ధరను అరవై నెలలకు పంచితే నెలకు 2,000 వస్తుంది. ఈ నెలలో ఆ సొమ్ము ఎవరికీ చెల్లించకపోయినా, వస్తువులు ఆమేరకు అరిగిపోయాయి కనుక దానిని ఖర్చుగానే రాయాలి. దీనినే తరుగుదల అంటారు.

మొత్తం ఖర్చు 2,65,000. లాభం 35,000. అయితే గల్లాపెట్టెలో చేరిన సొమ్ము 35,000 కాదు. అరువు 20,000 ఇంకా రాలేదు కనుక తీసివేయాలి. తరుగుదల 2,000 చేతి నుండి పోలేదు కనుక కలపాలి. చేతిలో మిగిలేది 17,000. అప్పు అసలులో కొంత తీర్చి ఉంటే ఆ మేరకు ఇంకా తగ్గుతుంది. అసలు తీర్చడం ఖర్చు కిందికి రాదు కనుక అది లాభనష్టాల పట్టికలో కనిపించదు.

ఈ ఒక్క మెస్‌కు మూడు అంకెలున్నాయి. అమ్మకం మూడు లక్షలు, లాభం ముప్పై ఐదు వేలు, చేతి సొమ్ము పదిహేడు వేలు. మాటల్లో మనం తరచు మొదటి అంకెనే చెప్పుకుంటాం: 'నెలకు మూడు లక్షల వ్యాపారం' అని. లాభనష్టాల పట్టిక మొదటి అంకె నుండి రెండవ అంకెకు ఎలా దిగివచ్చామో చూపుతుంది. మూడవ అంకెకు నగదు ప్రవాహ పట్టిక అనే మరొక పత్రం ఉంటుంది.

పట్టికలోని వరుసలు

కంపెనీల చట్టం, 2013లోని మూడవ షెడ్యూలు ఈ పట్టిక ఏ క్రమంలో ఉండాలో నిర్దేశించింది. సిమెంటు కంపెనీ అయినా మందుల కంపెనీ అయినా వరుసల క్రమం దాదాపు ఒకటే. బ్యాంకుల పట్టిక మాత్రం వేరుగా ఉంటుంది, అక్కడ వడ్డీయే ప్రధాన ఆదాయం, వడ్డీయే ప్రధాన వ్యయం. కనుక తొలి అభ్యాసానికి వస్తువులు తయారుచేసే కంపెనీని ఎంచుకోవడం సుకరం.

మొదటి వరుస 'రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్', అంటే వ్యాపారం ద్వారా వచ్చిన ఆదాయం. కంపెనీ ఏ పని కోసం ఏర్పడిందో ఆ పని వల్ల వచ్చినది ఇక్కడ ఉంటుంది. కొనుగోలుదారుల నుండి వసూలు చేసిన జీఎస్‌టీ ఇందులో చేరదు, అది ప్రభుత్వానికి చెందిన సొమ్ము. అరువు అమ్మకాలు మాత్రం చేరతాయి.

రెండవది 'అదర్ ఇన్‌కమ్', ఇతర ఆదాయం. డిపాజిట్ల మీద వడ్డీ, ఇతర కంపెనీల నుండి వచ్చిన డివిడెండు, పెట్టుబడులు అమ్మగా వచ్చిన లాభం వంటివి ఈ వరుసలోకి వస్తాయి.

తరువాత ఖర్చులు: వాడిన ముడిసరుకు, అమ్మకానికి కొన్న సరుకు, నిల్వల్లో వచ్చిన మార్పు, ఉద్యోగుల జీతభత్యాలు, 'ఫైనాన్స్ కాస్ట్స్' అనే వడ్డీ వ్యయం, తరుగుదల, ఇతర ఖర్చులు. రవాణా, కరెంటు, ప్రకటనలు, మరమ్మతులు సాధారణంగా ఈ చివరి వరుసలో ఉంటాయి.

ఆదాయం నుండి ఖర్చులు తీసివేయగా వచ్చేది అసాధారణ అంశాలకు, పన్నుకు ముందటి లాభం. దాని కింద 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' అనే వరుస ఉంటుంది. స్థలం అమ్మకం, ఫ్యాక్టరీ మూసివేత, పెద్ద అగ్నిప్రమాదం వంటి ఏటేటా జరగని విషయాలు ఇక్కడికి వస్తాయి. ఆ తరువాత పన్ను, చివరికి నికర లాభం. అన్నిటికన్నా కింద 'ఈపీఎస్', అనగా ఒక్కొక్క షేరుకు వచ్చిన లాభం.

తెలుగులో అన్నిటికీ 'లాభం' అన్న ఒకే మాట వాడుతుంటాం. ఈ పట్టికలో లాభం ఒకటి కాదు. వడ్డీ, తరుగుదల తీయకముందు వ్యాపారంలో మిగిలేది నిర్వహణ లాభం. అన్ని ఖర్చులూ పోయాక పన్నుకు ముందు ఒక లాభం ఉంటుంది, పన్ను పోగా మిగిలేది నికర లాభం. ఎవరైనా 'లాభం పెరిగింది' అని చెబితే, ఏ లాభం అని అడగడమే ఈ పాఠంలోని మొదటి సూత్రం.

ఒక ఉదాహరణ

పాఠం కోసం ఊహించిన ఒక బిస్కెట్ల తయారీ కంపెనీ లెక్క ఇది. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో ఉన్నాయి. ముందున్నది నిరుటి అంకె, తరువాతది ఈ ఏటిది.

వ్యాపార ఆదాయం: 400, 440
ఇతర ఆదాయం: 5, 30
మొత్తం ఆదాయం: 405, 470
ముడిసరుకు: 220, 255
జీతభత్యాలు: 50, 56
వడ్డీ వ్యయం: 12, 22
తరుగుదల: 18, 20
ఇతర ఖర్చులు: 65, 73
మొత్తం ఖర్చు: 365, 426
అసాధారణ అంశాలకు, పన్నుకు ముందటి లాభం: 40, 44
అసాధారణ అంశం, స్థలం అమ్మిన లాభం: లేదు, 12
పన్నుకు ముందటి లాభం: 40, 56
పన్ను: 10; 14
నికర లాభం: 30, 42
షేర్ల సంఖ్య: 10 కోట్లు, 12 కోట్లు
ఒక్కొక్క షేరుకు లాభం: 3 రూపాయలు, 3.50 రూపాయలు

ఈ ఫలితాలు వెలువడిన సాయంత్రం 'నికర లాభంలో 40 శాతం వృద్ధి' అన్న వార్త వస్తుంది. అది అబద్ధం కాదు. 30 కోట్లు 42 కోట్లయింది. వాట్సాప్ గ్రూపుల్లో అదే అంకె తిరుగుతుంది. ఇప్పుడు మనం అదే పట్టికను పై నుండి కిందికి, మెస్ లెక్క చూసినట్టు చూద్దాం.

బిస్కెట్ల అమ్మకం 10 శాతం పెరిగింది. ముడిసరుకు ఖర్చు 220 నుండి 255కు, అంటే దాదాపు 16 శాతం పెరిగింది. పిండి, పంచదార, నూనె ధరలు పెరిగినా కంపెనీ ఆ మేరకు తన ధర పెంచలేకపోయిందని దీనివల్ల ఊహించవచ్చు. కారణం ఏదైనా, వార్షిక నివేదికలో దాని కోసం వెతకాలి.

నిర్వహణ లాభం లెక్కిద్దాం. వ్యాపార ఆదాయం నుండి ముడిసరుకు, జీతాలు, ఇతర ఖర్చులు తీసివేస్తే నిరుడు 65 కోట్లు, ఈ ఏడు 56 కోట్లు. నిరుడు నూరు రూపాయల అమ్మకం మీద 16 రూపాయల పైచిలుకు మిగిలితే, ఈ ఏడు 13 రూపాయలకు లోపే మిగిలింది. వ్యాపారం పెద్దదైంది, మిగులుబాటు మాత్రం తగ్గింది.

వడ్డీ 12 నుండి 22 కోట్లకు పెరిగింది. నిర్వహణ లాభం నుండి తరుగుదల తీసివేస్తే నిరుడు 47 కోట్లు, ఈ ఏడు 36 కోట్లు. ఆ మొత్తం నిరుడు వడ్డీకి నాలుగింతలకు దగ్గరగా ఉంది, ఈ ఏడు రెండింతలు కూడా లేదు. అప్పులవారికి చెల్లించగా వాటాదారులకు మిగిలే చోటు ఇరుకైందన్న మాట.

మరి లాభం ఎక్కడి నుండి పెరిగింది? ఇతర ఆదాయం 25 కోట్లు అదనంగా వచ్చింది. స్థలం అమ్మితే మరో 12 కోట్లు వచ్చింది. ఈ రెండు వరుసలను పక్కన పెట్టి, బిస్కెట్ల ఆదాయం నుండి మొత్తం ఖర్చును తీసివేసి చూడండి. నిరుడు 400 లోంచి 365 పోగా 35 కోట్లు, ఈ ఏడు 440 లోంచి 426 పోగా 14 కోట్లు. వార్తలో 40 శాతం పెరిగిన లాభం, బిస్కెట్ల వ్యాపారంలో సగానికి పైగా తగ్గింది. అమ్మిన స్థలాన్ని వచ్చే ఏడు మళ్లీ అమ్మలేరు.

ఇక వాటాదారు వైపు చూద్దాం. నికర లాభం 40 శాతం పెరిగినా, కంపెనీ కొత్తగా రెండు కోట్ల షేర్లు జారీ చేయడం వల్ల ఒక్కొక్క షేరుకు వచ్చిన లాభం 3 రూపాయల నుండి 3.50కి మాత్రమే పెరిగింది. వంటకం పెద్దదైనా పంక్తిలో కూర్చున్నవారూ పెరిగారు. అందుకే మొత్తం లాభంతో పాటు ఈపీఎస్ కూడా చూడాలి. ఉద్యోగులకు ఇవ్వవలసిన షేర్లు, షేర్లుగా మారగల బాండ్లు కూడా లెక్కలోకి తీసుకుని చెప్పే ఈపీఎస్‌ను 'డైల్యూటెడ్' అంటారు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, తక్కువగా ఉన్నదాన్ని ఆధారం చేసుకోవడం క్షేమం.

ఈ షేరు ధర మార్కెట్టులో 70 రూపాయలు ఉందనుకుందాం. 70ని 3.50తో భాగిస్తే 20. ఒక రూపాయి వార్షిక లాభానికి 20 రూపాయలు చెల్లిస్తున్నామని అర్థం. దీనినే పీఈ నిష్పత్తి అంటారు. స్థలం అమ్మిన లాభాన్ని తీసివేసి అదే దామాషాలో పన్ను లెక్కిస్తే నికర లాభం 33 కోట్లు, ఈపీఎస్ 2.75. అప్పుడు అదే నిష్పత్తి 25 దాటుతుంది. చవకగా కనిపించిన షేరు అంత చవక కాదని తేలుతుంది.

సత్యం ఉదంతం చెప్పే హెచ్చరిక

పై ఉదాహరణలో అంకెలన్నీ నిజమైనవే, వాటిని చదివే తీరే మనం నేర్చుకున్నాం. అంకెలే నిజం కాకపోతే ఏమవుతుందో తెలుగునేల అనుభవించి తెలుసుకుంది. 1987లో హైదరాబాదులో స్థాపితమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటిగా ఎదిగింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో లెక్కలు తప్పుగా చూపుతూ వచ్చినట్టు వెల్లడించారు.

2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ 2,700 కోట్ల రూపాయల ఆదాయం, 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటించింది. లేఖ ప్రకారం నిజమైన ఆదాయం 2,112 కోట్లు, నిర్వహణ లాభం 61 కోట్లు. ప్రకటించిన మార్జిన్ 24 శాతం, వాస్తవం 3 శాతం. ఆదాయంలో తేడా 588 కోట్లు. లాభంలో తేడా కూడా సరిగ్గా 588 కోట్లే. ఇది కాకతాళీయం కాదు. లేని అమ్మకానికి ముడిసరుకు అక్కరలేదు, జీతం అక్కరలేదు. కనుక కల్పిత ఆదాయం ఒక్క రూపాయి తరగకుండా లాభంలోకి దిగుతుంది.

అలా దిగిన లాభాన్ని ఆస్తి అప్పుల పట్టికలో ఎక్కడో ఒకచోట సొమ్ముగా చూపక తప్పదు. ఇక్కడ బ్యాంకు నిల్వలుగా చూపారు. పుస్తకాల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ లేఖ చెప్పింది. ఒక్కరోజులోనే షేరు ధర ముప్పాతిక వంతుకు పైగా పడిపోయింది. తరువాత ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది, టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొనుగోలు చేసింది.

ఇంటి నుండి పట్టిక చదివే సామాన్య మదుపరి ఈ మోసాన్ని పట్టుకోగలిగేవాడా? బ్యాంకు నిల్వలనే తప్పుగా చూపినప్పుడు అది చాలా కష్టం. కనుక ఈ ఉదంతం నుండి తీసుకోవలసిన పాఠం రెండు విధాలు. లాభనష్టాల పట్టికను ఎప్పుడూ ఒంటరిగా చదవరాదు. ఆస్తి అప్పుల పట్టిక, నగదు ప్రవాహ పట్టిక, ఆడిటరు నివేదిక కూడా పక్కన ఉండాలి. రెండవది మరీ ముఖ్యం. ఎంత బాగా చదివినా మనకు కనిపించనిది కొంత మిగిలే ఉంటుంది. అందుచేత కుటుంబపు పొదుపంతా ఒకే కంపెనీలో పెట్టరాదు. మన ఊరి కంపెనీ అన్న అభిమానం దీనికి మినహాయింపు కారాదు.

పట్టిక ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది

షేర్ల మార్కెట్టులో నమోదైన కంపెనీలు సెబీ నిబంధనల ప్రకారం త్రైమాసిక ఫలితాలను ఆ త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా, వార్షిక ఫలితాలను ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లోగా వెల్లడించాలి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. కనుక వార్షిక ఫలితాలు సాధారణంగా మే నెలాఖరుకు వస్తాయి. ఇవి బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలోనూ, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనూ ఉచితంగా లభిస్తాయి. వీటి కోసం ఎవరికీ డబ్బు చెల్లించవలసిన పని లేదు.

మూడు మాటలు గమనించండి. 'ఆడిటెడ్' అంటే ఆడిటరు పూర్తిగా తనిఖీ చేసిన లెక్క. త్రైమాసిక ఫలితాలకు తరచు 'లిమిటెడ్ రివ్యూ' అనే పరిమిత పరిశీలన మాత్రమే జరుగుతుంది. 'స్టాండలోన్' అంటే ఆ ఒక్క కంపెనీ లెక్క, 'కన్సాలిడేటెడ్' అంటే అనుబంధ కంపెనీలతో కలిపిన లెక్క. అనుబంధ సంస్థల నష్టాలు స్టాండలోన్ పట్టికలో పూర్తిగా కనిపించకపోవచ్చు కనుక కన్సాలిడేటెడ్ పట్టికనే ముందు చదవాలి. పై మూలన అంకెలు లక్షల్లోనా కోట్లలోనా అన్నది కూడా రాసి ఉంటుంది. అది చూడకుండా ముందుకు వెళ్లరాదు.

త్రైమాసిక ఫలితాన్ని పోల్చేటప్పుడు నిరుటి అదే త్రైమాసికంతో పోల్చాలి. దసరా, దీపావళి ఉన్న మూడు నెలల మిఠాయి అమ్మకాన్ని దానికి ముందు మూడు నెలలతో పోలిస్తే అన్ని దుకాణాలూ గొప్పగా కనిపిస్తాయి.

చదివేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

1. వ్యాపార ఆదాయం ఐదేళ్లుగా పెరుగుతున్నదా, లేక ఒక్క ఏడాదే పెరిగిందా?
2. ఆదాయం కన్నా ఖర్చులు వేగంగా పెరుగుతున్నాయా? పెరిగితే ఏ వరుసలో?
3. నిర్వహణ లాభం నూరు రూపాయల అమ్మకానికి ఎంత? నిరుడు ఎంత?
4. వడ్డీ వ్యయానికి లాభం ఎన్ని రెట్లు ఉంది?
5. లాభంలో ఇతర ఆదాయం, అసాధారణ అంశాల పాలు ఎంత?
6. ఒక్కొక్క షేరుకు లాభం పెరిగిందా, లేక షేర్ల సంఖ్య పెరిగి పలుచబడిందా?
7. లాభంతో పాటు వ్యాపారం నుండి వచ్చిన నగదు కూడా పెరుగుతున్నదా?
8. ఆడిటరు తన నివేదికలో ఏవైనా అభ్యంతరాలు తెలిపారా?

ఎనిమిదింటికీ జవాబు దొరకకముందు కొనరాదు. జవాబు కోసం రెండు రోజులు ఆలస్యమైతే పోయేదేమీ లేదు. 'ఈ రోజే కొనండి, రేపటికి రెట్టింపు' అని తొందరపెట్టేవారికి మీరు పట్టిక చదవడం ఇష్టం ఉండదు. సలహా ఇచ్చే వ్యక్తి సెబీ వద్ద నమోదయ్యారో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. బ్రోకరు మీద గాని, నమోదైన కంపెనీ మీద గాని ఫిర్యాదు ఉంటే సెబీ నడిపే 'స్కోర్స్' వేదికలో నమోదు చేయవచ్చు.

అభ్యాసం

మీ ఇంట్లో రోజూ వాడే సబ్బు, టీపొడి, నూనె, మందులలో ఒకదాని పొట్లం మీద తయారీదారు పేరు చూడండి. అది మార్కెట్టులో నమోదైన కంపెనీ అయితే, దాని గత వార్షిక పట్టికను తీసుకొని పై ఎనిమిది ప్రశ్నలకు ఒక నోటుపుస్తకంలో జవాబులు రాయండి. షేరు కొనవద్దు, జవాబులు రాయడమే పని. ఇంట్లో కామర్సు చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంగ్లీషు మాటలు వారు చెబుతారు, వ్యాపారం సంగతి మీరు చెప్పగలరు. ఇలా మూడు కంపెనీలు పూర్తిచేసిన తరువాత, మదుపు చేయాలా వద్దా అన్నది మీరే నిర్ణయించుకోగలరు. చీటీ పాడేముందు చీటీ నడిపేవారి నడవడి విచారించిన మన పెద్దల జాగ్రత్తే ఇక్కడా కావలసింది. విచారించే పద్ధతి ఒక్కటే మారింది.